చివరి మలుపు దగ్గర భోజనం

ఒంటిచక్రపు తేరునెక్కి, తొడలు లేని సారథిని ముందు నిలుపుకొని, ఒక్కనాడైనా దారి తప్పక, ఎక్కడా ఆగి ఆకలి తీర్చుకోక లోకాలన్నిటినీ చుట్టివచ్చే ఓ సహస్రకిరణా, నీకు నమస్కారం. ఊరూరికీ వెలుగు పంచి, నీ ఇంటికి మాత్రం వేడిని మోసుకువెళ్ళిన రోజుల్లో, నీ ఇల్లాలు సంజ్ఞాదేవి ఆ తాపమోర్వలేక తన నీడను నీ ఇంట నిలిపి పుట్టింటికి వెళ్ళిపోయిందని పెద్దలు చెబుతారు. అంతటి దేవుడవు నీవే నీ తేజస్సును సానపట్టించి తగ్గించుకొని ఆమెను మళ్ళీ ఇంటికి తెచ్చుకొన్నావు. దారుల మీద బ్రతికేవారి ఇళ్ళను, ఆ ఇళ్ళలో వారికోసం ఎదురుచూసే కళ్ళను చల్లగా చూడు తండ్రీ.

*

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు ఆ ఇంటి భోజనాల బల్లమీద పళ్ళేలకు చోటు లేదు. బల్ల ఈ చివరినుండి ఆ చివరివరకూ ఒక పాత రోడ్ల మ్యాపు పరచుకొని ఉంది. మడతల దగ్గర చిరిగిన చోట్ల లోపలివైపు కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. మ్యాపుకు నాలుగు మూలలా ఉప్పుడబ్బా, నీళ్ళచెంబు, కళ్ళజోడు పెట్టె, ఒక బరువైన తాళం కాపలా కాస్తున్నాయి.

ముప్ఫయ్యొక్క సంవత్సరాలు దూరప్రయాణపు బస్సు నడిపి, నాలుగు నెలల క్రితమే స్టీరింగును వదిలిన ఆ ఇంటి యజమానిని వీధివీధంతా పెద్దడ్రైవరు అని పిలుస్తుంది. ఆయన పళ్ళేన్ని ఎడమచేత్తో గాలిలో పట్టుకొని, కుడిచేత్తో రొట్టె తుంచి బంగాళాదుంపకూరలో అద్దుకొంటూ, మధ్యమధ్య ఆ చేతి చిటికెనవేలితో మ్యాపుమీద దారి చూపిస్తున్నాడు. ఎదురుగా ఆయన ఒక్కగానొక్క కూతురు కూర్చొని ఉంది. బడిలో లెక్కల టీచరు కావడంవల్ల ఆమె ఏ పని మొదలుపెట్టినా ముందు కాగితం మీద గళ్ళు గీస్తుంది. ఆమె పక్కన కళ్ళద్దాల దుకాణం నడిపే అల్లుడు. వాళ్ళుండేది రెండు వీధుల అవతలే. కిందటి నెల వాళ్ళొక కారు కొనుక్కొన్నారు. ఆ కారులో అమ్మానాన్నలను ఐదురోజులు తిప్పుకురావాలని కూతురి సంకల్పం. నది వెంట బయలుదేరి, సరస్సు చూసి, కనుమ ఎక్కి, అవతల సముద్రం వైపు దిగాలి.

"నాన్నా, మొదటిరోజు మధ్యాహ్నం భోజనం ఎక్కడ? గడి ఖాళీగా ఉంది, చెప్పు."

"నది వంతెన దాటగానే ఎడమచేతివైపు రేకులషెడ్డు ఉంటుంది. బోర్డు గీర్డు ఏమీ ఉండదు. మీసాలాయన నడుపుతాడు. చిక్కుడుగింజల కూర. తెల్లవారకముందే బొగ్గులమీద పెట్టేసి ఆ సంగతే మరిచిపోతాడు. మనం వెళ్ళేసరికి ఆ గింజ ఎలా ఉంటుందంటే, నాలుకమీద పెడితే చాలు, పళ్ళతో పనుండదు."

"మామయ్యా, మీరిలా చెబుతుంటే నాకు ఇప్పుడే ఆకలేస్తోంది," అన్నాడు అల్లుడు.

"ఇప్పుడు తింటున్నావు కదయ్యా!"

"ఇది టిఫిను మామయ్యా. అది చరిత్ర!"

ముగ్గురూ నవ్వారు. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న ఇల్లాలు నవ్వలేదు. అట్లకాడ పెనాన్ని కొంచెం గట్టిగానే తాకింది.

"రెండోరోజు సరస్సు ఒడ్డున అన్నదమ్ములిద్దరు ఉంటారు. ఒకడితో ఒకడు మాట్లాడరు, కానీ కలిసే వండుతారు. మొక్కజొన్న రొట్టె, మీద తేనె. రాసుకో. ఇక మూడోరోజు..." అని పెద్దడ్రైవరు ఆగాడు. పళ్ళేన్ని మ్యాపుమీదే పెట్టేశాడు. రెండు చేతులూ ఖాళీగా లేకపోతే చెప్పడానికి వీల్లేని సంగతి కాబోలు. "మూడోరోజు కనుమ. పంతొమ్మిది మలుపులు. చివరి మలుపు దగ్గర మలుపక్క."

"మలుపక్క ఎవరు నాన్నా?"

"పేరు నాకూ తెలీదమ్మడూ. డ్రైవర్లందరం అలాగే అంటాం. గుమ్మడికాయ కూర చేస్తుంది చూడూ! ముక్క అంచు మాత్రం కాస్త మాడాలి, లోపల వెన్నలా ఉండాలి. గింజలు పారెయ్యదు. వేయించి, ఉప్పు రాసి, చిట్టచివర పైన చల్లుతుంది. కిటికీలోంచి చూస్తే లోయనిండా మబ్బు. ఆ మబ్బు చూస్తూ ఆ గింజ కొరికామంటే... అంతవరకూ మలుపులకు కడుపులో తిప్పి ఏడ్చిన పిల్లలు కూడా నోరు మూసుకొని తినేవాళ్ళు!"

ఇల్లాలు రొట్టె తెచ్చి ఆయన పళ్ళెంలో వేసింది. ఆయన చూడకుండానే తుంచాడు.

పెళ్ళయిన ముప్ఫైమూడేళ్ళలో, భోజనం విషయంలో ఆ మనిషి నోట ఆమె విన్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పెట్టు, చాలు, మంచినీళ్ళు. గుచ్చిగుచ్చి అడిగితే, బాగుంది. తక్కువ మాట్లాడే స్వభావమని ఆమె సర్దుకొంది. కొందరు మగవాళ్ళంతే అనుకొంది. ఇన్నేళ్ళూ ఆమె అసూయపడింది ఒక్క రోడ్డును చూసే. తన భర్త రోజులన్నిటినీ తీసుకొని, అలసిన ఒంటిని మాత్రం తనకు తిరిగి పంపే రోడ్డు. కానీ రోడ్డుకు ముఖం లేదు గనుక ఆ అసూయకు పట్టు దొరకలేదు. ఈ ఉదయం దానికొక ముఖం దొరికింది, చేతిలో గరిటెతో సహా.

"ఆవిడకు పిల్లలెంతమంది?" అని అడిగింది, చాలా మామూలు గొంతుతో.

"ఎవరికి?"

"అదే, మీ మలుపక్కకు."

"ఏమో. ఎప్పుడూ అడగలేదు."

"వయసు?"

"నా ఈడుదే అయ్యుంటుంది."

"ముప్ఫయ్యేళ్ళు తింటూ పేరడగలేదు, పిల్లలనడగలేదు. గుమ్మడిగింజలకు ఉప్పు ఎప్పుడు రాస్తుందో మాత్రం తెలుసు. బాగుంది!"

అల్లుడు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొన్నాడు. కూతురు గళ్ళ కాగితం వైపు వంగింది. పెద్దడ్రైవరు మాత్రం ఆ మాటను మెచ్చుకోలుగానే తీసుకొని, "అదే మరి వంటంటే!" అన్నాడు.

ఆమె ఒక్కసారైనా ఆ దారిన వెళ్ళకపోవడానికి కారణం లేకపోలేదు. తాను నడిపే బండిలో ఇంటివాళ్ళను ఎక్కించుకోకూడదని ఆ డిపోలో డ్రైవర్లు పట్టుగా పాటించేవారు. ముందరి అద్దంలో భార్యాపిల్లల ముఖాలు కనబడితే చూపు రోడ్డుమీద నిలవదని వాళ్ళ భయం. ఆయన బస్సు ఎక్కిన కొత్తలో ఆమె రెండుసార్లు అడిగి, మూడోసారి మానేసింది.

*

మంగళవారం ఆమె బజారుకు వెళ్ళి నాలుగు గుమ్మడికాయలు తట్టి చూసి ఒకటి తెచ్చింది. సాయంత్రం కూర్చొని ముక్కలు కోసింది. అంచు మాడాలి, లోపల వెన్నలా ఉండాలి. మొదటి వాయి మాడిపోయింది, పారేసింది. రెండోది కుదిరింది. గింజలను గుడ్డతో తుడిచి ఆరబెట్టి వేయించింది. ఆ తొందరలో మూకుడు అంచు తగిలి చూపుడువేలు కాలింది. వేలు నోట్లో పెట్టుకొనే ఇంకొక చేత్తో గింజలకు ఉప్పు రాసి, కూరమీద చల్లి, ఆయన ముందు పెట్టింది. పెట్టి, ఏదో తుడిచే మిషతో పక్కనే నిలుచుంది.

పెద్దడ్రైవరు దృష్టి అంతా కారు టైర్లమీద ఉంది. కనుమ ఎక్కేముందు గాలి ఎంత ఉండాలో ఒక చీటీమీద రాసుకొంటూ తింటున్నాడు. నాలుగు ముద్దలయ్యాక నమలడం ఆపి, నోట్లోంచి ఒక గింజ తీసి దీపం వెలుగులో చూశాడు.

"గింజలు పడ్డట్టున్నాయి. చూసుకోలేదా?" అన్నాడు, నొప్పించకూడదన్నట్టు మెల్లగా.

తరువాత ఒక్కొక్క గింజనే ఏరి పళ్ళెం అంచున వరుసగా పెట్టాడు. మొత్తం పదకొండు. ఆమె పళ్ళెం తీసి తొట్టిలో వేసింది. నీళ్ళు వదిలింది. గింజలన్నీ తేలాయి.

గురువారంనాటికి కూతురు రాసి ఇచ్చిన గళ్ళకాగితం ఫ్రిజ్ తలుపుమీద ఉన్నట్టే ఉంది, అందులోని అక్షరాలు మాత్రం మారాయి. మీసాలాయన షెడ్డును పెన్నుతో కొట్టేసి, పైన 'ఇంటి భోజనం' అని రాసి ఉంది. సరస్సు ఒడ్డున 'ఇంటి భోజనం'. చివరి మలుపు గడిలో అడ్డగీతలు ఎంత గట్టిగా పడ్డాయంటే కాగితం చిరిగి తలుపు రంగు కనబడుతోంది.

*

శనివారం ఉదయం సామాను సర్దడానికి కూతురూ అల్లుడూ కారు తీసుకొని వచ్చారు. వంటగదిలో నేలమీద ఆరు పెద్ద డబ్బాలు, రెండు సంచుల రొట్టెలు, ఒక చిన్న పొయ్యి కనబడ్డాయి.

"అమ్మా, ఎవరైనా ఇల్లు మారుతున్నారా?"

"దారిలో తినడానికి. ఐదురోజులకు సరిపడా వండి, వేయించి పెట్టాను."

"దారిలో తినడానికి హోటళ్ళున్నాయిగా! అందుకేగా వెళుతున్నాం. కాగితం చూశాను. నువ్వే కొట్టేశావు కదూ?"

"అవును, నేనే. ఆ రేకులషెడ్లలో ఏ నీళ్ళు పోస్తారో, ఏ చేత్తో కలుపుతారో!"

"నాన్న ముప్ఫయ్యేళ్ళు తిన్నారు. ఏమైంది?"

"ఏమైందో నాకు తెలుసు."

ఆ గొంతు విని కారుకు నీళ్ళు పట్టుకొంటున్న పెద్దడ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏమిటి గొడవ?"

"గొడవేముంది? మీరు ముగ్గురూ వెళ్ళిరండి. నేను రాను."

"అదేమిటి? నీకోసమేగా బయలుదేరింది!"

"నాకోసమా?" అని ఆమె చేతిలోని గుడ్డను గట్టుమీద పడేసింది. "నాకోసమైతే దారిలో నాకేం చూపిస్తారో చెప్పండి. కొండలా? సరస్సా? ఒక్కదాని పేరైనా ఎత్తారా ఆరోజు? ఎవరు ఏం వండుతారో, ఎంత మాడుస్తారో, ఎప్పుడు ఉప్పు రాస్తారో, అదేగా చెప్పారు! నన్ను కూర్చోబెట్టి ఆవిడ వంట రుచి చూపించి, చూశావా, వంటంటే ఇదీ అని పాఠం చెబుతారా? నా బదులు ఆ మలుపక్కనే ముందుసీట్లో కూర్చోబెట్టుకోండి. పేరైనా తెలుసుకోవచ్చు!"

"అత్తయ్యా..." అన్నాడు అల్లుడు.

"నువ్వుండు నాయనా. నాది టిఫిను, వాళ్ళది చరిత్ర."

అల్లుడు తలదించుకొన్నాడు. సరదాకు అన్న మాట ఆరు రోజులుగా ఆమె గుండెలో గుచ్చుకొనే ఉందని అతడికప్పుడు తెలిసింది.

"మంగళవారం గుమ్మడికాయ వండాను," అంది ఆమె భర్తతో. గొంతు తగ్గింది, అదే మరింత భయంగా ఉంది. "మీరు చెప్పినట్టే చేశాను. అంచు మాడ్చాను. గింజలు వేయించాను. వేలు కాల్చుకొన్నాను. మీరు ఆ గింజల్ని ఏరి పక్కన పెట్టారు. చూసుకోలేదా అన్నారు."

పెద్దడ్రైవరు ముఖంలో రంగు మారింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఎంత పెద్ద లారీ ఎదురొచ్చినా బ్రేకుమీద కాలు తొణకని మనిషి. ఇప్పుడు తలుపు చట్రం పట్టుకొన్నాడు. మెల్లగా వచ్చి, డబ్బాల మధ్య ఉన్న ముక్కాలిపీట మీద కూర్చొన్నాడు.

"నేను చెప్పేది విని అప్పుడు కూడా రాకూడదనుకొంటే రావద్దు," అన్నాడు. "దారి హోటళ్ళలో డ్రైవరు భోజనానికి డబ్బులు తీసుకోరు. బండి అక్కడ ఆపుతాడని పెడతారు. నేను కొత్తగా చేరినప్పుడు, మొదటిరోజే, నాకు దారి నేర్పిన ముసలి డ్రైవరు ఒక మాట చెప్పాడు. డబ్బివ్వకుండా తింటున్నాం కాబట్టి మాటివ్వాలిరా అబ్బాయ్, ఊరికే తిని లేవకూడదు, ఏం బాగుందో చూసి, వండినవాళ్ళకు చెప్పి లేవాలి అని. ఉత్త పొగడ్త కాదు. ముక్క ఎలా ఉడికిందో, దినుసు ఎక్కడ తగిలిందో సరిగ్గా పట్టి చెప్పాలి. అదే మా బిల్లు. చెప్పిచెప్పి అలవాటైపోయింది. అందుకే వాళ్ళ వంటలన్నీ నోటికి వచ్చు."

"సరే. మరి ఇక్కడ?" అంది ఇల్లాలు. "ఇక్కడ తిన్నదానికి ఏం కట్టారు?"

బయట పైపు కట్టకుండా వదిలేయడంవల్ల నీళ్ళు కారు కింద పారుతున్న చప్పుడు వినబడుతోంది. కట్టడానికి ఎవరూ కదలలేదు.

"ఇక్కడ ఊరికే తింటున్నానని ఎప్పుడూ అనుకోలేదు," అన్నాడు చివరికి. "ఇది నా ఇల్లనుకొన్నాను. అక్కడైతే ఇరవై నిమిషాల్లో లేచి వెళ్ళిపోతాను. వెళ్ళిపోయేవాడికి మాటలు సులువు."

"అంటే రుచి తెలుస్తూనే ఉండేదా? తెలిసే నోరు విప్పలేదా?"

"తెలుసు. అన్నీ తెలుసు." ఆయన నేలకేసి చూస్తూ మాట్లాడాడు. "మీ అమ్మ పోయిన తరువాత మూడు వారాలు నువ్వు వండినదాంట్లో దేన్లోనూ ఉప్పు లేదు. అలాగే తిన్నాను. అడిగితే, నువ్వు వెయ్యడం లేదని నీకు తెలిసిపోతుంది కదా అని అడగలేదు. అమ్మడు పాసైన రోజున అన్నిట్లోనూ రెండుసార్లు పడింది ఉప్పు, సంతోషంలో."

ఆమె గట్టుమీది గుడ్డను దగ్గరకు లాక్కొంది.

"అమ్మడు పెళ్ళయి వెళ్ళిన మర్నాడు ముగ్గురికి వండావు. తరువాతి రోజూ ముగ్గురికే. వారం పాటు అంతే. చెయ్యి అలవాటు పడిపోయింది నీకు. మూడోవాళ్ళది అలా మిగిలిపోతే చూసి ఏడుస్తావని, నువ్వు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు దాన్నీ నేనే తినేసేవాణ్ణి. ఆ వారం బండి నడుపుతుంటే పొట్ట సీటుబెల్టుకు ఆనేది."

ఆ వారం ఆమెకు బాగా గుర్తుంది. కూతురు లేని ఇంట్లో తనకు ముద్ద దిగకుండా ఉంటే, ఈయన గిన్నె ఊడ్చి మరీ తింటున్నాడే, ఎంత రాతిగుండె అనుకొని, పమిటకొంగు నోట్లో కుక్కుకొని పడుకొన్న వారం అది. ఆ రాతిగుండె అన్న మాటను పదకొండేళ్ళుగా ఆమె లోపల దాచుకొంది. ఎన్నో చిన్న కోపాలకు దానినే పునాదిగా వేసుకొంది.

"నాన్నా!" అంది కూతురు. ముఖం గోడవైపు తిప్పుకొంది.

"చెప్పి ఉంటే ఏం పోయింది?" అంది ఇల్లాలు, కళ్ళు తుడుచుకోకుండానే. "ఒక్కమాట!"

"చెబితే ఏడుస్తావు. ఏడిస్తే కూర్చోవాలి. తెల్లవారితే బండి ఎక్కాలి. భయమేసేది. మొన్నటి గింజల సంగతి మాత్రం... అది నా తప్పే. అక్కడ తినేటప్పుడు కళ్ళు పెట్టి తినేవాణ్ణి. ఇంటికొచ్చాక కళ్ళు మూసుకొని తినడం మరిగాను."

అల్లుడు ఎప్పుడు వెళ్ళాడో, పైపు కట్టి వచ్చి, చప్పుడు కాకుండా ఒక డబ్బా మూత తీశాడు. చిటికెడు వేయించిన పప్పు నోట్లో వేసుకొని, "అత్తయ్యా, కరకరలాడుతోంది. కొంచెం కారం ఎక్కువ. నాలుక చివర కాదు, గొంతు దగ్గర తగులుతోంది," అన్నాడు ఎంతో గంభీరంగా.

ఇల్లాలికి ఏడుపులోనే నవ్వు వచ్చింది. "బిల్లు కట్టావులే. ఆ డబ్బా ఒక్కటి కారులో పెట్టు. మిగతావి వీధిలో పంచేద్దాం." తరువాత భర్తవైపు తిరిగి, "వస్తాను. కానీ చివరి మలుపు దగ్గర నేను కారు దిగను. ముందే చెబుతున్నాను," అంది.

అసూయ తెలివి చెప్పినంతమాత్రాన వెళ్ళిపోయే చుట్టం కాదు. సామాను సర్దుకోవడానికి దానికీ కొంత వ్యవధి కావాలి.

*

నది వెంట, సరస్సు వెంట రెండురోజులు హాయిగా గడిచాయి. మూడోరోజు కారు కనుమ ఎక్కింది. పక్కసీట్లో కూర్చొన్న పెద్దడ్రైవరు ఒక్కొక్క మలుపుకూ అల్లుడికి జాగ్రత్తలు చెబుతూ, మధ్యలో వెనక్కి తిరిగి భార్యకు చూపించాడు. ఇదిగో, ఈ రాయి దగ్గర మబ్బు మొదలవుతుంది. అదిగో, ఆ తెల్లగీత జలపాతం. ఆయన చెప్పినట్టే రాయి దగ్గర మబ్బు మొదలైంది. లోయ అంతా పాలు పొంగినట్టు తెల్లగా నిండి ఉంటే, కొండల కొసలు మాత్రం అక్కడక్కడ నల్లగా తేలుతున్నాయి. ఆమె కిటికీ అద్దం పూర్తిగా దించేసింది.

చివరి మలుపు దగ్గర కొండను ఆనుకొని రెండు గదుల హోటలు. పొగగొట్టం, చెక్కబల్లలు. వాళ్ళు ముగ్గురూ దిగారు. ఇల్లాలు అన్నమాట ప్రకారం కారులోనే కూర్చొంది. లోపలినుంచి తీయగా, కొంచెం మాడినట్టు వాసన వచ్చింది. మొదటివాయి తాను కూడా ఇలాగే మాడ్చానని ఆమె అనుకొంది.

కాసేపటికి ఒక బక్కపలచని మనిషి చేతిలో పొగలు కక్కే పళ్ళెంతో కారు దగ్గరకు వచ్చింది. జుట్టు సగానికి పైగా నెరిసింది, చేతులనిండా పాత కాలినమచ్చలు. తలుపు తనే తీసింది.

"నువ్వేనా?" అంది.

"ఏమిటి నేనేనా?"

"ఇన్నేళ్ళుగా నా ఒళ్ళు మండించిన మనిషివి నువ్వేనా అని! దిగమ్మా, నీ ముఖం చూడనీ."

ఇల్లాలు నివ్వెరపోయింది. ఆ నివ్వెరపాటులో దిగింది కూడా.

"మీ ఆయనకు ఎంత వడ్డించినా సగమే తినేవాడు. బాగుంది అక్కా, ఇలా ఉంది, అలా ఉంది అని నా మనసు నింపేసి, సగం తిని చెయ్యి కడిగేసేవాడు. ఇంకొంచెం పెట్టించుకోవయ్యా అంటే, వద్దక్కా, మిగతాది ఇంట్లో ఉంది అనేవాడు. అందరు డ్రైవర్లూ పీకలదాకా తిని నిద్రకళ్ళతో బండెక్కితే, ఈయన మాత్రం ఆకలిని ఇంటికి మోసుకెళ్ళేవాడు. ఆ ఇంట్లో ఏం వండుతుందో ఆ మహాతల్లి అని రోజూ అనుకొనేదాన్ని. గింజలు వేయించి చల్లడం దేనికి మొదలుపెట్టాననుకొన్నావు? దానికైనా రెండో ముద్ద పెట్టించుకొంటాడేమోనని! ఊహూఁ. రా, కూర్చో."

కిటికీ పక్క బల్ల దగ్గర ఆమెను కూర్చోబెట్టి, మలుపక్క పళ్ళెం ముందు పెట్టింది. ఎదురుగా పెద్దడ్రైవరు తన పళ్ళెంలో చెయ్యి పెట్టకుండా చూస్తున్నాడు. కూతురు, అల్లుడు కూడా చూస్తున్నారు. ఇల్లాలు ముద్ద నోట్లో పెట్టుకొంది.

"ఎలా ఉందమ్మా?" అంది మలుపక్క.

ఆదివారం నుంచి ఆమె ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకొనే ఉంది. ఉప్పు ఎక్కువైందనాలి. లేదా, మా ఇంట్లో ఇంతకంటే బాగా చేస్తామనాలి. ఇప్పుడా మాటలేవీ రాలేదు. మంచిమాటలూ రాలేదు. జీవితమంతా ఎదుటివారి నోటినుంచి ఒక్క మాటకోసం కాచుకొన్న మనిషికి, తన వంతు వచ్చేసరికి తన నోరే ఎందుకు పలకలేదో అర్థం కాలేదు. మనసు నిండినప్పుడు మాట ఎంత బరువవుతుందో ఆమెకు మొదటిసారి తెలిసింది. ఎదురుగా కూర్చొన్నవాడి ముప్ఫైమూడేళ్ళ మౌనంలో ఎంతోకొంత భాగం ఇదే కాబోలని తోచి, కళ్ళు నిండాయి.

"వేడిగా ఉంది," అంది చివరికి.

"పొయ్యిమీదిది కదమ్మా, వేడిగా ఉండదూ?"

"కాదు. అందరికీ పెట్టి తినేసరికి నాది ఎప్పుడూ చల్లారిపోయేది. పెళ్ళయ్యాక ఇంత వేడిగా నేనెప్పుడూ తినలేదు."

ఆ మాటతో పెద్దడ్రైవరు లేచి నిలుచున్నాడు. ఉప్పు తగ్గినా కనిపెట్టినవాడు, పెరిగినా కనిపెట్టినవాడు, ఈ ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళలో కనిపెట్టలేదు. తనకు వడ్డించి నిలుచున్న మనిషి పళ్ళెంవైపు ఆయన ఒక్కనాడూ చూడలేదు. పొయ్యిదాకా వెళ్ళాడు. గరిటె అడిగి తీసుకొన్నాడు. ఎన్నడూ వడ్డించి ఎరగని చెయ్యి కావడంవల్ల సగం కూర బల్లమీద పడింది. మిగిలిన సగం ఆమె పళ్ళెంలో పడింది.

"కూర్చోండి," అంది ఆమె, అలవాటు చొప్పున. "మీది చల్లారిపోతోంది."

"చల్లారనీ," అన్నాడు ఆయన, గరిటె పట్టుకొని ఆమె పక్కనే నిలబడి. "నువ్వు తిను."

లోయలో మబ్బు విడుతోంది. ఆమె తిన్నంతసేపూ ఆయన కూర్చోలేదు. పళ్ళెం ఖాళీ అయ్యాక ఆమె తలెత్తి మలుపక్కను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని, "నీ పేరేమిటి వదినా?" అని అడిగింది.

*

ఈ కథ విన్నవారి ఇళ్ళలో వండినవారికి వేడి అన్నం దక్కుగాక. తిన్నవారికి మాట దక్కుగాక. దారిన పోయేవారు క్షేమంగా ఇల్లు చేరుదురుగాక. ఆ దినమణి మీ గుమ్మాలలోకి వెలుగును తెచ్చి, తాపాన్ని బయటనే వదిలి వచ్చుగాక. శుభమస్తు.